స్లాబ్ కింద స్టడ్‌ల అలసట

వంతెనలో ఉక్కు గర్డర్ (దూలం) మీద కాంక్రీటు స్లాబ్ ఊరికే పోసి వదిలేస్తే, బరువు పడ్డప్పుడు రెండూ విడివిడిగా వంగుతాయి, ఒకదాని మీద ఒకటి జారతాయి. ఆ జారుడును ఆపేవే షియర్ కనెక్టర్లు. వీటిలో బాగా వాడుకలో ఉన్నది స్టడ్. తల ఉన్న ఈ పొట్టి కడ్డీని గర్డర్ పైన నిలువుగా వెల్డ్ చేస్తారు. మందం ఎక్కువగా 19 లేదా 22 మిల్లీమీటర్లు.

మంచి కాంక్రీటులో 19 మి.మీ. స్టడ్‌ను ఒక్క తోపుతో విరగ్గొట్టాలంటే దాదాపు 10 టన్నుల బలం కావాలి. కానీ అందులో నాలుగో వంతు బలమే వస్తూ పోతూ ఉంటే, 20 లక్షల సార్లకు పగులు రావచ్చు. ఇదే అలసట, ఇంగ్లీషులో ఫెటీగ్. ఉక్కు, కాంక్రీటు కలిపి కట్టే నిర్మాణాల యూరప్ నియమావళి యూరోకోడ్ 4 పెట్టిన హద్దు అదే: చదరపు మిల్లీమీటరుకు 90 న్యూటన్ల ఒత్తిడి మార్పు. రోజుకు 2,000 లారీలు నడిచే వంతెన మీద 20 లక్షల లారీలు దాటడానికి మూడేళ్లు కూడా పట్టదు.

ఇక్కడ ముఖ్యం మార్పే. అత్యధిక బలం ఎంతన్నది కాదు, ఎంత పెరిగి ఎంత తగ్గిందన్నదే ఆయుష్షును తేలుస్తుందని 1966లో అమెరికాలోని లీహై యూనివర్సిటీ ఇంజనీర్లు స్లట్టర్, ఫిషర్ చూపించారు. పైగా యూరోకోడ్ లెక్కలో మార్పు పెరిగేకొద్దీ ఆయుష్షు దాని ఎనిమిదో ఘాతం చొప్పున తగ్గుతుంది. మార్పు 10 శాతం పెరిగితే ఆయుష్షు సగానికి పైగా పోతుంది. సగానికి తగ్గిస్తే 256 రెట్లు పెరుగుతుంది! అందుకే కార్లను దాదాపు మర్చిపోవచ్చు, టెన్షనంతా ఓవర్‌లోడ్ లారీలతోనే.

నాకు ఆసక్తిగా అనిపించేది వంతెన మధ్యభాగం. అక్కడ కోత బలం (స్లాబ్‌ను గర్డర్ మీద జార్చాలని చూసే షియర్) తక్కువ కాబట్టి స్టడ్‌లు పలచగా పెట్టొచ్చనిపిస్తుంది. కానీ లారీ మధ్యకు వచ్చేదాకా కోత ఒకవైపు, దాటగానే రెండోవైపు. రెండూ కలిపితే మార్పు, ఆధారాల దగ్గరున్నదానికి పెద్దగా తీసిపోదు.

పగులు సాధారణంగా స్టడ్ అడుగున, వెల్డింగ్ కాలర్ (వెల్డ్ చేసినప్పుడు స్టడ్ చుట్టూ ఏర్పడే ఉక్కు వలయం) అంచున పుడుతుంది. స్టడ్ ఒక్కటే తెగితే దాని వాటా పక్కవాటి మీద పడుతుంది. గర్డర్ పై పలక లాగుడులో ఉన్న చోట మాత్రం పగులు పలకలోకే దిగొచ్చు, అది అసలు ప్రమాదం. ఇదంతా కాంక్రీటు లోపల, కంటికి కనబడకుండా జరిగేది.

ఈ ఫెటీగ్ బాధ తగ్గించడానికి 1980లలో జర్మన్ ఇంజనీర్లు పెర్ఫోబాండ్ తెచ్చారు. చిల్లులున్న ఉక్కు పట్టీ అది. చిల్లుల్లోకి చేరి గట్టిపడ్డ కాంక్రీటే జారుడును ఆపుతుంది. అయినా స్టడ్‌లదే పైచేయి. వెల్డింగ్ గన్‌తో ఒక్కోటి అతకడానికి సెకను అటూ ఇటూ చాలు మరి.