తారులో కలిసిన దారులు

పోటీ పరీక్షల బిట్ బ్యాంకుల్లో తరచు కనిపించే మూడు ప్రశ్నలున్నాయి. క్వినైన్ ఏ చెట్టు బెరడు నుంచి లభిస్తుంది? ప్రపంచంలో తొలి కృత్రిమ రంగును తయారుచేసినది ఎవరు? గాంధీజీ భారతదేశంలో నడిపిన తొలి సత్యాగ్రహం ఎక్కడ జరిగింది? సింకోనా, పెర్కిన్, చంపారన్ అని ఠక్కున జవాబు చెప్పి ముందుకు సాగిపోతాం. మొదటిది వృక్షశాస్త్రం కిందా, రెండోది రసాయన శాస్త్రం కిందా, మూడోది జాతీయోద్యమం కిందా వేర్వేరు పుటల్లో ఉండటం వల్ల వీటి మధ్య సంబంధం ఉందన్న అనుమానం కూడా మనకు రాదు. కానీ ఈ మూడు జవాబులూ బొగ్గు తారు దగ్గర కలుస్తాయి.

బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి తీసిన గ్యాసుతో లండన్ వీధి దీపాలు వెలుగుతున్న రోజులవి. గ్యాసు తీయగా అడుగున మిగిలే నల్లటి, జిగట, కంపుకొట్టే తారును ఏం చేయాలో గ్యాసు కంపెనీలకు తోచేది కాదు. అదే కాలంలో ఆసియా, ఆఫ్రికా ఖండాల్లో రాజ్యాలు ఏలుతున్న యూరప్ దేశాలను మలేరియా పీడించేది. దానికి ఉన్న ఒకే ఒక్క మంచి మందు క్వినైన్, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల చెట్ల బెరడు నుంచి రావలసిందే. పారేసే తారు నుంచి అంత విలువైన మందు తీయగలిగితే ఎలా ఉంటుందన్నది లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీలో పనిచేస్తున్న జర్మన్ రసాయనవేత్త ఆగస్ట్ హాఫ్‌మన్ ఆలోచన. ఆయన శిష్యుడు, పద్దెనిమిదేళ్ల విలియం హెన్రీ పెర్కిన్ 1856 ఈస్టర్ సెలవుల్లో ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగశాల పెట్టుకుని ఆ పనికి పూనుకున్నాడు.

అతని పద్ధతి ఈనాటి ఇంటర్ విద్యార్థికి కూడా నవ్వు తెప్పిస్తుంది. క్వినైన్ అణువులో 20 కార్బన్, 24 హైడ్రోజన్, 2 నైట్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయని అప్పటికి తెలుసు; అవి ఏ వరుసలో, ఏ ఆకారంలో అమరి ఉంటాయో తెలియదు. తారు నుంచి వచ్చే ఒక పదార్థానికి చెందిన రెండు అణువులను కలిపి, ఆక్సిజన్ చేర్చి, ఒక నీటి అణువును తీసేస్తే కాగితం మీద లెక్క సరిగ్గా క్వినైన్‌కు సరిపోతుంది. అంకెలు సరిపోయాయి గాని అణువు సరిపోలేదు. గాజు పాత్రలో ఎర్రమట్టి రంగు మడ్డి మాత్రమే మిగిలింది. పెర్కిన్ అక్కడితో ఆపకుండా అదే ప్రయోగాన్ని తారు నుంచే వచ్చే అనిలీన్ అనే మరో పదార్థంతో చేసి చూశాడు, ఈసారి నల్లటి మడ్డి వచ్చింది. దాన్ని ఆల్కహాల్‌తో కడుగుతున్నప్పుడు ద్రవం చక్కటి ఊదా రంగులోకి తిరిగింది, పట్టుగుడ్డ ముంచితే ఆ రంగు పట్టింది, ఉతికినా పోలేదు. అదే మావ్ అనే తొలి కృత్రిమ రంగు. అతను వాడిన అనిలీన్ శుద్ధమైనది కాదు, అందులో టోలుయిడిన్ అనే మరో పదార్థం కలిసి ఉంది; శుద్ధమైన అనిలీనే దొరికి ఉంటే ఆ ఊదా రంగు పుట్టేదే కాదు. పెర్కిన్ వెతికిన క్వినైన్ విషయానికొస్తే, దాన్ని ప్రయోగశాలలో నిర్మించే దారి 1944 దాకా తేలలేదు, తేలిన తరువాత కూడా అది గిట్టుబాటు కాకపోవడంతో ఈనాటికీ బెరడు నుంచే తీస్తున్నారు.

ఇక్కడి నుంచి ఒక దారి చంపారన్ వైపు సాగుతుంది. అనిలీన్‌ను 1826లో మొట్టమొదట పొందినది తారు నుంచి కాదు, నీలిమందును స్వేదనం చేసి. అప్పట్లో ప్రపంచానికి నీలిమందు అందించే ప్రధాన దేశం మనదే. బెంగాల్, బీహార్‌లతో పాటు మన కడప, నెల్లూరు ప్రాంతాల్లోనూ నీలి సాగయ్యేది. తారు రంగుల వ్యాపారం జర్మనీ చేతికి వెళ్లాక, మొక్క ఇచ్చే నీలాన్ని కూడా ఫ్యాక్టరీలో చేయాలన్న పట్టుదల అక్కడ మొదలైంది. అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1883 నాటికి నీలిమందు అణువు నిర్మాణాన్ని తేల్చాడు, బీఏఎస్ఎఫ్ కంపెనీ 1897లో కృత్రిమ నీలాన్ని బజారులో పెట్టింది. ఆ తయారీలో ఒక కీలకమైన దశ థర్మామీటరు పగిలి అందులోని పాదరసం కొలిమిలో పడటం వల్ల సాధ్యమైందని చెబుతారు.

చంపారన్ కథను మన పాఠ్యపుస్తకాలు సగమే చెబుతాయని నా అభిప్రాయం. తెల్లదొరలు రైతుల చేత బలవంతంగా నీలి వేయించారు, గాంధీజీ వెళ్లి ఆపించారు అని చదువుకున్నాం. బలవంతం నిజమే; ఇరవై కఠాల బీఘా నేలలో మూడు కఠాలు నీలికి కేటాయించి తీరాలన్న తీన్‌కఠియా పద్ధతి అక్కడ నడిచింది. అయితే జర్మన్ నీలం వచ్చి ధరలు పడిపోయాక ఆ పంట దొరలకే భారమైంది. అప్పుడు వారు ఎత్తిన ఎత్తు ఏమిటంటే, నీలి వేసే బాధ్యత నుంచి విముక్తి ఇస్తామని చెప్పి, అందుకు బదులుగా రైతుల మీద శిస్తు పెంచడం, కొందరి దగ్గర మొత్తంగా సొమ్ము గుంజడం. ఎవరికీ అక్కర్లేని పంటను వేయకుండా ఉండటానికి కూడా రైతు డబ్బు కట్టాలన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సరుకు ఆగిపోగానే నీలికి మళ్లీ గిరాకీ వచ్చి పాత బలవంతం కూడా తిరిగి మొదలైంది. 1917లో గాంధీజీ చంపారన్‌లో అడుగుపెట్టే నాటికి రైతులు మోస్తున్నది ఈ రెండు బరువులనూ. మరుసటి ఏడు చేసిన చట్టం తీన్‌కఠియాను రద్దు చేసింది.

బీఏఎస్ఎఫ్ నీలం బజారులోకి వచ్చిన 1897లోనే, ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆయనకు ఆధారమైనది రంగే గాని, అది అద్దిన రంగు కాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తిన్న పరాన్నజీవి తనలో మిగుల్చుకునే నల్లటి రేణువులు అవి. ఏడు కలిసినంత మాత్రాన ఈ రెంటికీ సంబంధం ఉందనడం తొందరపాటు, అది కాకతాళీయం. మలేరియాకూ తారు రంగులకూ అసలైన సంబంధం బెర్లిన్‌లో అప్పటికే కుదిరింది.

దాన్ని కుదిర్చినది జర్మన్ వైద్య పరిశోధకుడు పాల్ ఎర్లిష్. అద్దకం పనిచేసేవారికి తరతరాలుగా తెలిసిన విషయం ఒకటుంది: ఒక రంగు పట్టుకు పడుతుంది గాని నూలుకు పట్టదు, మరొకటి నూలుకు పట్టి ఉన్నికి పట్టదు. జీవకణాలు కూడా అలాగే ప్రవర్తిస్తాయని ఎర్లిష్ గమనించాడు. మెథిలీన్ బ్లూ అనే తారు రంగు బతికి ఉన్న నరాలకు పట్టి చుట్టూ ఉన్న కండను వదిలేస్తుంది. రాబర్ట్ కాక్ 1882లో క్షయ క్రిమిని లోకానికి చూపగలిగింది కూడా ఆ రంగు చలవతోనే. ఒక పదార్థం క్రిమికి మాత్రమే పట్టి మనిషి కణాలను వదిలేయగలిగితే, క్రిమిని చంపి మనిషిని బతికించే మందు కూడా దాని నుంచి తయారుకాకూడదా? 1891లో ఎర్లిష్, గుట్‌మన్ కలిసి ఇద్దరు మలేరియా రోగులకు మెథిలీన్ బ్లూ ఇచ్చి చూడగా ఇద్దరికీ జ్వరం తగ్గింది. క్వినైన్ కోసం బయలుదేరిన తారు రసాయన శాస్త్రం ముప్పై అయిదేళ్ల తరువాత పక్కదారిన మలేరియా మందు దగ్గరికే చేరిందన్నమాట.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జ్వరం వచ్చిన మనిషి వేలికొన పొడిచి రక్తపూత తీసినప్పుడు ఈనాటికీ జరిగేది ఇదే. గాజు పలక మీద ఆరిన రక్తానికి మెథిలీన్ బ్లూ, ఇయోసిన్ అనే రెండు రంగులతో చేసిన ద్రావణాన్ని పట్టిస్తారు. సూక్ష్మదర్శిని కింద లేత గులాబీ రంగు ఎర్రకణంలో నీలి ఉంగరంలా పరాన్నజీవి, ఉంగరానికి రాయి పొదిగినట్లు ఎర్రటి చుక్కగా దాని కేంద్రకం కనిపిస్తాయి. రంగు లేకపోతే ఆ స్లైడులో తేలిగ్గా పోల్చుకోగలిగేది ఏమీ ఉండదు.

ఎర్లిష్ ఆలోచనను పట్టుకుని జర్మన్ రంగుల కంపెనీలు వేల పదార్థాలను ఎలుకల మీద పరీక్షించాయి. వాటిలో ప్రాంటోసిల్ అనే ఎర్ర రంగు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా బారి నుంచి ఎలుకలను కాపాడుతుందని జర్మన్ వైద్య పరిశోధకుడు గెర్హార్ట్ డోమాక్ 1932లో గమనించి 1935లో ప్రకటించాడు. అయితే గాజునాళికలో అదే బాక్టీరియా మీద ఆ మందు పనిచేయలేదు. ఈ చిక్కును ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వారు అదే ఏడు విప్పారు: శరీరంలోకి వెళ్లాక ప్రాంటోసిల్ రెండుగా విడిపోతుంది, మందుగా పనిచేసేది అందులోని రంగులేని ముక్క సల్ఫనిలమైడ్ మాత్రమే, రంగుకు ఏ పాత్రా లేదు. ఎర్లిష్ తర్కం ఆ మందు వరకు తప్పయినా, దాని వెంట నడిచినవారికి మందు దొరకడం నాకు ఈ మొత్తం కథలో అన్నింటికన్నా వింతగా తోస్తుంది.

సల్ఫనిలమైడ్ వంటి సల్ఫా మందు బాక్టీరియాను ఎలా అణచివేస్తుందన్నది 1940లో తేలింది. బాక్టీరియా తమకు కావలసిన ఒక విటమిన్‌ను పాబా అనే ముడిసరుకు నుంచి తామే తయారుచేసుకుంటాయి. అచ్చం పాబాను పోలిన సల్ఫా అణువు దాని స్థానంలో చేరి ఆ తయారీని ఆపేస్తుంది. మనిషి ఆ విటమిన్‌ను తయారుచేసుకోడు, ఆకుకూరల వంటి ఆహారం నుంచి తీసుకుంటాడు గనుక అతనికి హాని లేదు. ఆ విటమిన్ ఫోలిక్ ఆమ్లం. ఇంగ్లండ్ వైద్యురాలు లూసీ విల్స్ 1928 నుంచి బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని చూపినప్పుడు పేరు తెలియకుండానే కనుగొన్నది దాన్నే.

దాన్ని ప్రయోగశాలలో నిర్మించిన జట్టుకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రంగులు కూడా తయారుచేసే అమెరికన్ సయనమిడ్ సంస్థకు చెందిన లెడర్లే ప్రయోగశాలలో, 1945లో ఆయన జట్టు ఫోలిక్ ఆమ్లాన్ని సాధించింది. స్ప్రూ అనే పేగుల జబ్బుకు తోబుట్టువులను పోగొట్టుకున్న సుబ్బారావుకు ఆ వ్యాధిలోనూ పనికొచ్చే ఈ విటమిన్ కేవలం ఉద్యోగంలో భాగం అయి ఉండదు. ఫోలిక్ ఆమ్లం ఇస్తే లుకేమియా అనే రక్త క్యాన్సర్ ముదురుతున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు తోచింది. అలాగైతే దానికి అడ్డుపడే పదార్థం ఇచ్చి చూడాలి. సుబ్బారావు జట్టు ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని చెడగొట్టే అమినోప్టెరిన్‌ను చేసి పంపింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

అమినోప్టెరిన్ తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్ నేడు లుకేమియాతో పాటు కీళ్లవాతానికీ వాడుకలో ఉంది. కీళ్లవాతానికి దాన్ని రోజూ కాదు, వారానికి ఒక్కసారి, తక్కువ మోతాదులో మింగమంటారు. అది తెచ్చే నోటిపూత, వికారం వంటి ఇబ్బందులు తగ్గడానికి మరో రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. విటమిన్‌నూ, దానికి అడ్డుపడే మందునూ ఒకే చీటీలో ఎందుకు రాశారని అనుమానపడే రోగులు ఉంటారు. డాక్టరు పొరపాటేమీ చేయలేదు. వాటిని ఒకే రోజున కలిపి మింగకుండా, చీటీలో రాసిన రోజుల ప్రకారం వేసుకుంటే చాలు.