కాంభోజి గొడవ ఇవాళ్టిది కాదు

హనుమకొండలో సంగీతం వినే ఇళ్లలో వారం రోజులుగా ఒకటే మాట. దాదాపు 30 ఏళ్ల కింద పోయిన ఒక గురువుగారి గొంతుతో కాంభోజి రాగంలో 'రాగం తానం పల్లవి' (కచేరీలో విద్వాంసుడు అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడే పెద్ద అంశం), మొత్తం 52 నిమిషాలది, 'ఎన్నడూ లేని రికార్డు' అంటూ ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. కంప్యూటర్‌తో తయారు చేసింది అది. అట్లా చేయొచ్చా, చేయకూడదా అన్నదే గొడవ. ఆయన బతికుండగా అలాంటి రికార్డు ఏదీ బయటికి రాలేదు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్లమ్మాయి వద్దన్నారు. రెండేళ్ల కింద ఇలాగే ఒక చిన్న కీర్తన వచ్చినప్పుడు నాలుగు రోజులు మాటా మాటా అనుకుని మర్చిపోయారు. ఈసారి మర్చిపోయేటట్టు లేరు.

రికార్డింగుల చరిత్ర రాయమంటే 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన తొలి ప్లేట్ల నుంచి ఎత్తుకోవడం అలవాటు. అది తెలిసిన కథే, వదిలేస్తున్నా. గ్రామఫోను ప్లేటు గురించి ఒక్క సంగతి చాలు, ఒక పక్కకు మూడు, మూడున్నర నిమిషాలు. గంటసేపు రాగం పాడే విద్వాంసుడు కూడా ఆ కాస్తలోనే పల్లవి, అనుపల్లవి, చరణం ముగించి లేవాలి. ఆ కాలపు పెద్ద గాయకుడు కాంచీపురం నయనా పిళ్లె అసలు ఆ యంత్రం ముందు కూర్చోవడానికే ఒప్పుకోలేదంటారు. వీణ ధనమ్మాళ్ కొన్ని ప్లేట్లు ఇచ్చారు గాని, మద్రాసులో వాళ్లింట్లో శుక్రవారం సాయంత్రాల్లో ఆమె వాయించింది వాయించినట్టు వినాలని ఆశపడని రసికుడు నాకింతవరకు కనపడలేదు. మా దగ్గర కూడా కచేరీ అయ్యాక టీలు తాగుతూ ఇలాంటి కోరికలే చెప్పుకుంటాం. ఒకాయన ఎప్పుడూ ఒకటే అంటాడు, విజయవాడ రేడియోలో పనిచేసిన గాయకుడు ఓలేటి వెంకటేశ్వర్లు గారిని, ఆయన అంతగా ఇష్టపడ్డ హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్‌ను ఒక గదిలో కూర్చోబెట్టి ఒక రాత్రి పాడించి ఉంటే ఎట్లుండేదని. ఖాన్ సాహెబ్ 1968లో కన్నుమూసింది మన హైదరాబాద్‌లోనే, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. అంత దగ్గర్లో ఉండి జరగకుండా పోయింది కదా అని ఆయన బాధ.

జరగని కచేరీ మీద కోరిక వేరు. జరిగి, రికార్డయి, చెరిగిపోయినదాని మీద బాధ వేరు. ఇప్పటి గొడవలో ఈ రెండూ కలిసిపోయాయి, అందుకే తెగడం లేదు.

అంతా మారిపోయింది టేపు వచ్చాకే. ప్లేటుకు నిడివి తక్కువ గాని ఒకటి అచ్చేస్తే వందలు, వేలు బయటికెళ్లేవి, ఎవరి అటక మీదో ఒకటి బతికేది. టేపు దీనికి పూర్తిగా తిరగేసి. రేడియోల్లో వాడిన 7 అంగుళాల చుట్టలో 1200 అడుగుల టేపు పట్టేది, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిప్పితే 32 నిమిషాలు వస్తుంది. రెండు చుట్టలుంటే రాగం తానం పల్లవి తీరిగ్గా పట్టేయొచ్చు. కానీ ఉండేది ఒక్క కాపీ. పైగా ఆ యంత్రంలో రికార్డు చేసే హెడ్‌కు ముందు చెరిపే హెడ్ ఉంటుంది, బటన్ నొక్కగానే పాతది తుడిచేసుకుంటూ కొత్తది ఎక్కుతుంది. టేపు ఖరీదైనది, లెక్కగా ఇచ్చేవాళ్లు, కాబట్టి ప్రసారం అయిపోయాక ఆ చుట్ట ఇంకో కార్యక్రమానికి వెళ్లేది. మన దేశంలోనే కాదు, బీబీసీ కూడా ఎన్నో కార్యక్రమాలను ఇట్లాగే తుడిచేసుకుంది. మన సంగీతానికి మాత్రం దెబ్బ ఎక్కువ, ఎందుకంటే అప్పటికప్పుడు మనసులో పుట్టే ఆలాపన, నెరవు, స్వరకల్పన లాంటివి స్వరాలు రాసుకున్నంత మాత్రాన దొరికేవి కావు. కృతి శిష్యుల నోట్లో బతుకుతుంది, ఆ రోజు పాడిన కాంభోజి ఆ టేపుతోనే పోతుంది.

గురువుగారి విషయంలో జరిగిందీ ఇదే. వాళ్లమ్మాయి, నేను అక్కా అని పిలుస్తాను, మొన్న రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పారు. వరంగల్‌కు సొంత ఆకాశవాణి కేంద్రం 1990లో గాని రాలేదు. అంతకుముందు ఇక్కడివాళ్లు రేడియోలో పాడాలంటే వేరే ఊరు పోవాల్సిందే. ఎనభైల మొదట్లో ఒకసారి ఆయన తంబూరా గుడ్డలో చుట్టుకుని కాజీపేటలో రైలెక్కారు. పాడింది కాంభోజి, రాగం తానం పల్లవి. ప్రసారం రోజు పొద్దున వాళ్లింటి ముందర గదిలో వాడకట్టంతా కూర్చుంది, అక్కకు అప్పుడు తొమ్మిదో తరగతి. "నాయిన మాత్రం లోపలికి రాలే తమ్మీ, పెరట్ల చెట్టు కింద నిలబడి విన్నడు. తానం అయిపోయినంక ఒక్కసారి తలూపిండు, గంతే. ఆయన పాటకు ఆయన తలూపంగ నేను చూసింది గదొక్కసారే" అన్నారు. కొన్నేళ్ల తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి గొంతు పోయింది. కాపీ కోసం ఇంట్లోవాళ్లు ఉత్తరాలు రాశారు. ఆ టేపు మీద వేరే కార్యక్రమం ఎక్కిందని జవాబొచ్చింది. ఆ జవాబు ఆయనకు చదివి వినిపించలేదు, దొరకలేదని మాత్రం చెప్పారు.

అంటే 'ఎన్నడూ లేని రికార్డు' అని ఇప్పుడు అంటున్నది ఒకప్పుడు ఉంది.

రెండో వైపు మాట కూడా చెప్పాలి. దీన్ని తయారు చేసిన అబ్బాయి గురువుగారి శిష్యుడి కొడుకు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డబ్బు కోసం చేయలేదు, దానికింద ఎక్కడా ధర పెట్టలేదు. ఇప్పటి పిల్లలకు ఆ గొంతు తెలియాలన్నదే తన ఉద్దేశం అంటున్నాడు. ఒక త్యాగరాజ ఆరాధన క్యాసెట్‌లో దొరికిన 20 నిమిషాల పాటతో కంప్యూటర్‌కు గొంతు నేర్పాడు. వాళ్ల నాన్నతో కాంభోజి పాడించి, దానికి గురువుగారి గొంతు తొడిగాడు.

ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి. ఈ పద్ధతిలో మారేది కంఠం రంగు ఒక్కటే. ఏ స్వరం మీద ఎంతసేపు నిలబడాలి, గమకం (స్వరాన్ని ఊపే తీరు) ఎక్కడ మొదలై ఎక్కడ తేలాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, అవన్నీ పాడిన మనిషివే ఉంటాయి. కాంభోజిలో మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడటం, అంతా అవే కదా. శిష్యుడు బాగానే పాడారు, నేను రెండుసార్లు విన్నాను, తానం చక్కగా ఉంది. ఆ తానానికి శిష్యుడు తన పేరే పెట్టుకుంటే నాకే అభ్యంతరమూ ఉండేది కాదు. ముందు తరం వాళ్లు అట్లాగే చేశారు. 1922లో తిరుమలలో బయటపడ్డ అన్నమయ్య రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి, స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు వందకు పైగా కీర్తనలకు వరుసలు కట్టారు, అవి శర్మగారి వరుసలని అందరికీ తెలుసు.

రామదాసు విషయంలో మనకు అంత స్పష్టత లేకుండా పోయింది. కంచర్ల గోపన్న మన నేలకొండపల్లి మనిషి, ఆ కీర్తనలు మన పల్లెల్లో చిరుతల మీద, తాళాల మీద తరతరాలుగా భజనల్లో నడిచాయి. బాలమురళి గారి గొంతులో రేడియో ద్వారా, రికార్డుల ద్వారా వచ్చిన వరుసలు ఎంత తీయగా ఉన్నాయంటే, ఇప్పుడు రామదాసు అంటే అవే అనుకుంటున్నాం. అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో శనివారం భజనలో పాడే వరుస ఒకటి నా చిన్నప్పుడు విన్నాను, సగమే గుర్తుంది, మిగతా సగం చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. ఉన్నప్పుడు ఎవరమూ అడగలేదు, రేడియోలో మంచిది వస్తోంది కదా అనుకున్నాం. 52 నిమిషాల కాంభోజి వచ్చాక కూడా అదే జరుగుతుందేమోనని నాకు టెన్షన్. ఇంకెవరూ అసలుది వెతకరు.

చట్టం సంగతి రెండు మాటల్లో. ప్రదర్శన ఇచ్చిన కళాకారుడికి నైతిక హక్కులు (తన పేరు ఉండాలని, తన ప్రదర్శనను వక్రీకరించొద్దని అడిగే హక్కులు) 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చాయి. 2024లో అరిజిత్ సింగ్ వేసిన కేసులో బొంబాయి హైకోర్టు, అనుమతి లేకుండా ఆయన గొంతును యంత్రంతో పుట్టించొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఏ.ఆర్. రెహమాన్ ఇద్దరు చనిపోయిన గాయకుల గొంతులు వాడినప్పుడు కుటుంబాలను అడిగి, డబ్బు కూడా ఇచ్చి వాడుకున్నారు. బాలు గారి గొంతును అడక్కుండా వాడినందుకు ఒక తెలుగు సినిమా వాళ్లకు కుటుంబం నోటీసు పంపింది. హనుమకొండలో కూడా ముందు అడిగి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. అబ్బాయి అడగలేదు. "మా ఇల్లు వానికి తెల్వదా, చిన్నప్పుడు మా అరుగు మీదనే ఆడుకున్నడు" అని అక్క అన్న మాటకు అతని దగ్గర ఇప్పటిదాకా జవాబు లేదు.

అసలుది వెతకడం అంటే ఎక్కడని చాలామంది అడుగుతున్నారు. రేడియో టేపు పోతే ఇంకేం మిగులుతుందని. మన ఉత్తర తెలంగాణకు సంబంధించిన ఒక సంగతి ఇక్కడ పనికొస్తుంది. డెబ్బైల చివర నుంచి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు తెచ్చిన వస్తువుల్లో టూ-ఇన్-వన్ ముందుండేది. రేడియో, క్యాసెట్ రికార్డరు ఒకే పెట్టెలో. రేడియోలో వస్తున్నది వస్తున్నట్టే క్యాసెట్ మీద పట్టేయొచ్చు. పెద్ద పెద్ద కేంద్రాల్లో చుట్టలు తుడిచేస్తున్న రోజుల్లో మన పల్లెల్లో ఎవరింట్లోనో ఆ ప్రసారం క్యాసెట్‌కు ఎక్కి ఉండొచ్చు. దాని మీద తర్వాత సినిమా పాటలు ఎక్కించి ఉండొచ్చు కూడా. మా సొంత అక్క పెళ్లి వీడియోలో మూడు గంటల సన్నాయి ఉండాలి, వాయించినాయన మామూలు విద్వాంసుడు కాదు, క్యాసెట్ ఇచ్చేటప్పుడు స్టూడియోవాళ్లు దాన్నంతా తీసేసి సినిమా పాటలు కలిపారు. ఆయన తలూపుతూ బుగ్గలు పొంగించి వాయిస్తుంటాడు, పాట వేరేది వస్తుంటుంది. ఇప్పటికీ అది చూడబుద్ధి కాదు నాకు.

గొడవ పేపర్లో పడ్డాక అక్కకు జగిత్యాల దగ్గర ఒక ఊరి నుంచి ఫోనొచ్చింది. ఫోన్ చేసినాయన రిటైరైన బడిపంతులు, తమ్ముడు మస్కట్ నుంచి తెచ్చిన టూ-ఇన్-వన్‌తో ఆదివారాలు రేడియో కచేరీలు పట్టేవాడట. మొన్న ఆదివారం ఇద్దరం వెళ్లాం. రేకు డబ్బాలో 40కి పైగా క్యాసెట్లు, సగం బూజు పట్టాయి. వాటిలో ఒక సీ-90 (90 నిమిషాల క్యాసెట్) మీద నీలం సిరాతో 'రేడియో, వరంగల్ సారు' అని ఉంది. వెనక రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలూ విరిచేసి ఉన్నాయి, అవి విరిస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. లోపల టేపును హెడ్‌కు ఆనించి పట్టే మెత్త ఊడిపోయింది. అక్కడే ప్లేయర్‌లో పెట్టి చూద్దామని పంతులుగారు తొందరపడ్డారు, అక్క వద్దన్నారు. టేపును విప్పి కొత్త క్యాసెట్ డబ్బాలోకి మార్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, గురువారం రమ్మన్నారు. అప్పటిదాకా ఆ 52 నిమిషాలది తీసేయమని అక్క అడిగారు. అబ్బాయి ఇంకా ఏమీ చెప్పలేదు గాని, గురువారం తనూ వస్తానని నిన్న రాత్రి నాకు మెసేజ్ పెట్టాడు. అక్కకు చెప్పాను. రానియ్యి అన్నారు.