నానో కలిపితే నీళ్లు కొట్టక్కర్లేదా? కాంక్రీటు మీద అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఇంజినీరింగ్ పిల్లలకు కాంక్రీటు పాఠం చెప్తూ, ల్యాబులో నానో సిలికా (కాంక్రీటులో కలిపే అతి సన్నని సిలికా రేణువులు) మీద పరిశోధన చేస్తుంటాను. ఇల్లు కట్టుకునేవాళ్లు, మేస్త్రీలు నన్ను అడిగేది మాత్రం ఎక్కువగా 'నానో' అని రాసున్న డబ్బాల గురించే.

అపోహ: నానో కలిపితే క్యూరింగ్ (నీళ్లు కొట్టి తడిగా ఉంచడం) అక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మామూలు స్లాబ్ పోశాక కాసేపటికి పైకి నీరు తేలుతుంది. నానో సిలికా ఆ నీటిని పట్టి ఉంచుకుంటుంది కాబట్టి పైకి తేలేది తక్కువ. మన మే నెల ఎండకు, వడగాలికి పైపొర గబగబా ఆరిపోయి, గట్టిపడకముందే పర్రెలిస్తుంది. అంటే మామూలు స్లాబు కంటే దీనికే తొందరగా తడి అందాలి. చదును చేయగానే ప్లాస్టిక్ పట్టా కప్పాలి, గట్టిపడ్డాక గట్లు కట్టి నీళ్లు నిలపాలి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకే కనీసం 7 రోజులు తడి ఉండాలి. ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల బూడిద) కలిసిన పీపీసీ సిమెంటు అయినా, పొడి ఎండలైనా కనీసం 10 రోజులు.

అపోహ: ఎంత ఎక్కువ వేస్తే అంత బలం.

సాధారణంగా సిమెంటు బరువులో 1 నుంచి 3 శాతం చాలు. ఈ రేణువులు 100 నానోమీటర్ల లోపే ఉంటాయి. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు పుట్టే సున్నంతో ఇవి చర్య జరిపి, బలాన్నిచ్చే జిగురు పదార్థంగా మారుతాయి, సందులనూ పూడుస్తాయి. కానీ మోతాదు మించినా, సరిగ్గా కలపకపోయినా, మరిగే ఎసట్లో పిండి కుమ్మరించినట్టు ఉండలు కడతాయి. ఉండ కట్టిన ఆ చోటే కాంక్రీటులో బలహీనమవుతుంది. పైగా మాలు బిగుసుకుంటుంది. మిల్లరు దగ్గరున్నాయన ఇంకో బకెట్ నీళ్లు పోస్తాడు, అక్కడితో పెట్టిన డబ్బు నీళ్లపాలు. నీళ్లు కాదు, సూపర్ ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే మాలును జారుగా చేసే మందు) కావాలి.

అపోహ: ఫ్లైయాష్ కలిస్తే నాసిరకం, నానో అయితే మేలురకం.

రెండూ పోటీదార్లు కావు. ఫ్లైయాష్ కాంక్రీటుకు మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. నానో సిలికా చురుకు చూపించేది సరిగ్గా ఆ మొదటి వారంలోనే. దామరచర్ల యాదాద్రి థర్మల్ కేంద్రం బూడిద పక్కనే ఉన్న మాకు ఈ జోడీయే ఆసక్తి.

అపోహ: మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో స్లాబ్ పాడవుతుంది.

తాగడానికి ప్రమాదమే. లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కాంక్రీటును ఏమీ చేయదు. బోరు నీళ్లలో చూడాల్సింది క్లోరైడ్: ఇనుము వేసే పనికి లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటొద్దు.

అపోహ: లీటరు డబ్బా ఒక్కటి స్లాబు మొత్తానికి సరిపోతుంది.

లెక్క చూడండి. 50 కిలోల బస్తాకు 1 శాతమంటే అర కిలో. డబ్బాలో ఉండేది నీళ్లలో కలిపిన సిలికా ద్రావణం; అందులో సిలికా 30 శాతమే ఉంటే, బస్తాకే దాదాపు 1.67 కిలోల ద్రావణం కావాలి. అందులో 1.17 కిలోలు నీళ్లే, వాటిని కలిపే నీళ్లలోంచి తగ్గించాలి. డబ్బా మీద సిలికా శాతం రాసి లేకపోతే, కొనకండి.