ట్రంపెట్ పైస్థాయికి ఘాట్ రోడ్డు లెక్క

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు నాలుగు ప్రశ్నలు పంపారు. వాళ్ళ చిన్నాన్న కూతురి పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం ట్రంపెటాయన పై షడ్జం పట్టుకుని వీధి మలుపు దాకా వదల్లేదట. ఆ రాత్రే ఫోనులో జాజ్ ట్రంపెట్ వీడియోలు చూస్తే, వాళ్ళు అక్కణ్నుంచి ఇంకో స్థాయి పైకి పోతున్నారట. "మీటలు మూడే కదా సార్, అన్ని స్వరాలు ఎట్లా వస్తాయి? గట్టిగా ఊదితే పైకి పోతుందా? ఊపిరితిత్తులు పెద్దవిగా ఉండాలా? నరాలు చిట్లిపోతాయంటారు, నిజమేనా?"

మొదటిది చప్పున తేల్చేద్దాం. మీట నొక్కితే గాలి ఇంకో వంపు చుట్టి రావాలి, గొట్టం పొడవు పెరుగుతుంది, శ్రుతి దిగుతుంది. నడిమి మీట అర స్వరం దించుతుంది, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. అంటే మూడూ కిందికి దించేవే. పైకి ఎక్కించే మీట ట్రంపెట్‌లో ఒక్కటీ లేదు. ఆ పనంతా పెదవులదే. అసలు కథ అక్కడుంది.

బిగించిన పెదవుల మధ్య నుంచి ఊదితే అవి సెకనుకు కొన్ని వందలసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. తెరుచుకున్న ప్రతిసారీ ఒక ఒత్తిడి అల గొట్టంలోకి బయల్దేరుతుంది. మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్ వంపులన్నీ సాపు చేస్తే పొడవు సుమారు 1.48 మీటర్లు. అల బెల్ దాకా, అంటే గొట్టం చివర విచ్చుకున్న మూతి దాకా పోయి, చాలావరకు అక్కడే వెనక్కి మళ్ళి పెదవి దగ్గరికి వస్తుంది. రానూపోనూ 2.96 మీటర్లు. లోపలి వెచ్చటి గాలిలో ధ్వని వేగం సెకనుకు 345 మీటర్లనుకుంటే పట్టే సమయం 8.6 మిల్లీసెకన్లు. ఈ వ్యాసంలో ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలంటే ఇదే.

ఇప్పుడు తిరుపతిలో కొండ బస్సులు బయల్దేరే చోటికి పోదాం. దిగడానికి 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, ఎక్కడానికి 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు. ఎదురెదురు పడే బాధ లేదు కాబట్టి దారిలో ఎన్ని బస్సులైనా ఉండొచ్చు. పోయి రావడానికి సరిగ్గా రెండు గంటలనుకుందాం. డిపో గేటు చాలా బరువు. తీసే మనిషి ఒక్కడే తోస్తే చేతులు పడిపోతాయి. కానీ కొండ దిగొచ్చిన బస్సు సరిగ్గా సమయానికి గేటును నెట్టిందనుకోండి, ఆ ఊపుకే గేటు తెరుచుకుని కొత్త బస్సు బయల్దేరుతుంది. రెండు గంటలకొక బస్సు వదిలితే దారిలో ఎప్పుడూ ఒకటే బస్సు. గంటకొకటి వదిలితే రెండు. నలభై నిమిషాలకొకటైతే మూడు. ఈ మూడు పద్ధతుల్లోనూ తిరిగొచ్చే బస్సుకీ తెరుచుకునే గేటుకీ వేళ కుదురుతుంది. నలభై అయిదు నిమిషాలకొకటి వదిలి చూడండి. మొదటి బస్సు 120వ నిమిషంలో వస్తుంది, గేటు తెరవాల్సింది 90లో, 135లో. వచ్చిన బస్సు మూసివున్న గేటుకు గుద్దుకుంటుంది. పని చెడుతుంది.

పెదవే ఆ గేటు. దారిలో ఒకే అల ఉంటే సెకనుకు 116 కంపనాలు, రెండుంటే 233, మూడుంటే 349, నాలుగైతే 466, ఎనిమిదైతే 932. మీట ముట్టకుండా ట్రంపెట్ పలికే స్వరాలు ఇవే. మన లెక్కలో మొదటిది స అనుకుంటే రెండు స, మూడు ప, నాలుగు స, అయిదు అంతర గాంధారం. తంబురా మీటితే ఎవరూ పలికించకుండానే వినిపించే స్వయంభూ గాంధారం ఇదే. ఆరు ప. ఏడు కైశికి నిషాదానికి కొంచెం కిందికి జారి ఉంటుంది, ట్రంపెట్ వాళ్ళు దాన్ని వాడరు. ఎనిమిది మళ్ళీ స, మనం పై షడ్జం అంటున్నది ఇదే. ఆపైన తొమ్మిది రి, పది గ. పదకొండు శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఎటూ కాకుండా నిలబడుతుంది. పన్నెండు ప. పదహారుకి మళ్ళీ స, అంటే సెకనుకు 1865 కంపనాలు. జాజ్ వాళ్ళు ప్రాణం పెట్టేది ఎనిమిదికీ పదహారుకీ మధ్య, ఒక్కోసారి ఆపైన కూడా.

భౌతికశాస్త్రం చదివినవాళ్ళు ఇక్కడ చెయ్యెత్తుతారు. ఒక కొన మూసివున్న సమగొట్టంలో, అంటే పొడవునా ఒకే వెడల్పున్న దానిలో, బేసి సంఖ్యల అనుస్వరాలే (అడుగు స్వరానికి 1, 3, 5 రెట్లుగా వచ్చేవే) కదా రావాలి, సరి సంఖ్యలవి ఎక్కణ్నుంచి వచ్చాయని. న్యాయమైన ప్రశ్న. 1.48 మీటర్ల సమగొట్టమే అయితే 58, 175, 291 అంటూ పోవాలి. బెల్ విచ్చుకున్న తీరు వల్ల తక్కువ పౌనఃపున్యపు అలలు బెల్ లోతట్టునే వెనక్కి మళ్ళుతాయి, వాటికి గొట్టం పొట్టిదైనట్టు లెక్క, కాబట్టి అడుగు అనునాదాలు (గొట్టం తనంతట గట్టిగా పలికే పౌనఃపున్యాలు) పైకి జరుగుతాయి. ఈ చివర పెదవులు ఆనించే మౌత్‌పీస్, పైనున్న అనునాదాల్ని కొంచెం కిందికి లాగుతుంది. ఈ రెండు సవరణలూ కలిసి వరుసను 2, 3, 4, 5 నిష్పత్తికి తెస్తాయి. అట్టడుగు అనునాదం ఒక్కటే ఆ వరుసలో ఇమడదు. ఇంటర్ ల్యాబులో శ్రుతిదండం మోగించి, నీటి మట్టం జరుపుతూ అనునాదం పట్టే ప్రయోగం అందరం చేశాం. గొట్టం చివర వ్యాసంలో 0.3 వంతు కలపాలని బట్టీ పట్టాం, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ చిన్న సవరణే విశ్వరూపం దాలిస్తే ట్రంపెట్ బెల్ అవుతుంది. ఒక్కసారి బ్యాండు మేళం కుర్రాణ్ని క్లాసుకి పిలిస్తే ఆ పాఠం నలభై నిమిషాల్లో అయిపోతుంది. సిలబస్‌లో లేదంటారు, అది వేరే సంగతి.

మళ్ళీ బస్సులకొద్దాం. పైస్థాయిలో ఈ ఏర్పాటుకి మూడు చిక్కులొస్తాయి.

పొద్దున్నే డిపో తెరిచారు. దారిలో బస్సే లేదు. పావుగంటకొకటి వదలాలి. మొదటి బస్సు తిరిగొచ్చేలోపు ఎనిమిది బస్సుల్ని గేటు మనిషి సొంత రెక్కలతోనే పంపాలి, ఆ ఎడం ఒక్క నిమిషం కూడా తప్పకుండా. పై షడ్జం ఎత్తుకునే వాద్యకారుడి గతీ అంతే. మొదటి ఎనిమిది కంపనాలదాకా గొట్టం నుంచి ఏ సమాచారమూ రాదు. పెదవి ముందే ఆ స్వరంలో ఉండాలి. పైస్వరాన్ని ఎత్తుకోవడంలోనే ఎక్కువమంది తప్పుతారు. ఎత్తుకున్నాక నిలపడం కొంత నయం.

రెండో చిక్కు, పక్కపక్క స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. దారిలో రెండు బస్సులకీ మూడు బస్సులకీ ఎడంలో తేడా ఇరవై నిమిషాలు, గేటు మనిషి కునుకు తీసినా పొరబడడు. ఏడుకీ ఎనిమిదికీ తేడా రెండు నిమిషాల చిల్లర. పదిహేనుకీ పదహారుకీ అర నిమిషం. పెదవి వెంట్రుకవాసి సడలితే పక్క స్వరంలో పడతారు, గొంతు కీచుమన్నట్టు వినేవాళ్ళందరికీ తెలిసిపోతుంది. జాజ్ వాళ్ళ గడుసుతనం చూడండి, ఈ లోపాన్నే అలంకారం చేసుకున్నారు. పై స్వరం పట్టుకుని, మీట కదపకుండా, దవడతోనూ పెదవితోనూ పక్క అనుస్వరానికీ దీనికీ మధ్య గబగబా ఊపుతారు. షేక్ అంటారు దాన్ని. మన గమకానికి దగ్గరి చుట్టం. కింది స్థాయిలో అది కుదరదు, అక్కడ స్వరాలు దూరదూరంగా ఉంటాయి.

మూడోది అన్నిటికంటే పెద్దది. బస్సులు తిరిగి రావు.

బెల్ అలల్ని వెనక్కి పంపేది అవి పొడవుగా ఉన్నప్పుడే. 233 కంపనాల స్వరానికి అల పొడవు మీటరున్నర. దాదాపు 12 సెంటీమీటర్ల బెల్ దాన్ని పెద్దగా బయటికి పోనివ్వదు, చాలా భాగం మళ్ళగొడుతుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ అల పొట్టిదవుతుంది, బయటికి పోయే భాగం పెరుగుతుంది. 1500 దగ్గరికొచ్చేసరికి అల పొడవు 23 సెంటీమీటర్లు, బెల్ వ్యాసానికి రెండింతల లోపే. అక్కణ్నుంచి వెనక్కి వచ్చేది నామమాత్రం. వాద్యాల ధ్వనిశాస్త్రంలో పెద్దపేరైన ఆర్థర్ బెనేడ్ ఈ హద్దు గురించి విస్తారంగా రాశాడు. మన లెక్కలో అది పై షడ్జం దాటాక వచ్చే పంచమం చుట్టుపక్కల పడుతుంది. అంతవరకూ గొట్టం సాయం చేస్తుంది. దాటితే కొండెక్కిన బస్సు కొండమీదే ఉండిపోతుంది. గేటు మనిషి ప్రతి బస్సుకీ తానే గేటు తోసుకోవాలి.

బయటికి ఎక్కువ పోవడం వినేవాళ్ళకి మాత్రం లాభమే. పైగా పై పౌనఃపున్యాలు చుట్టూ పరుచుకోవు, బెల్ ఎటు చూస్తే అటే పోతాయి. ఊరేగింపులో ట్రంపెట్‌కి ఎదురుగా ఉన్నవాళ్ళు చెవులు మూసుకుంటారు, వెనక కారులో కూర్చున్న పెళ్ళికొడుక్కి డ్రమ్ములే వినిపిస్తాయి.

గొట్టం చెయ్యి వదిలేశాక పెదవి ఏం చెయ్యాలి? ఏ కంపించే వస్తువుకైనా పౌనఃపున్యం, బిగువును ద్రవ్యరాశితో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. ఒక స్థాయి పైకి పోవాలంటే ఆ నిష్పత్తి నాలుగు రెట్లు కావాలి. రెండు స్థాయిలకు పదహారు రెట్లు. అందుకే పెదవి అంచున కంపించే భాగాన్ని వీలైనంత చిన్నది చేసి, చుట్టూ ఉన్న కండరాన్ని బిగిస్తారు. ఆ కండరబలం లేనివాళ్ళు మౌత్‌పీస్‌ని మూతికేసి అదుముతారు. స్వరం వస్తుంది, కానీ రక్తప్రసారం ఆగి పెదవి కాసేపటికి మొద్దుబారుతుంది. మేళం ఆపినప్పుడు ట్రంపెటాయన పైపెదవి మీద ఎర్రగా గుండ్రటి అచ్చు ఎంత లోతుగా పడిందో చూస్తే అదిమింది ఎంతో తెలుస్తుంది. జాజ్ ట్రంపెట్‌కి పెద్దదిక్కైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు పై స్వరాల మోజులో పెదవిని జీవితాంతం గాయాలపాలు చేసుకున్నాడు. పెదవి చుట్టూ ఉండే ఆ కండరం చిరగడాన్ని 1982 నుంచి వైద్యులు సాచ్మో సిండ్రోమ్ అంటున్నారు. సాచ్మో ఆయన ముద్దుపేరు.

బిగిసిన పెదవిని తెరిపించాలంటే నోట్లో ఒత్తిడి కావాలి. పెద్ద శబ్దంతో పైస్వరం ఊదేటప్పుడు అది 25 కిలోపాస్కల్ దాకా పోతుందని కొలిచారు. బీపీ మెషీను భాషలో చెప్తే 188. మన రక్తపోటు పై అంకె 120 దగ్గరుంటే మంచిదంటాం. ఒత్తిడి ఇంత ఉన్నా పోయే గాలి మాత్రం తక్కువ, ఎందుకంటే పెదవుల మధ్య సందు చాలా చిన్నది. కాబట్టి ఊపిరితిత్తులు పెద్దవై ఉండక్కర్లేదు. గట్టిగా ఊదినంత మాత్రాన పైకి పోదు కూడా, పెదవి బిగువు మారకపోతే ఉన్న స్వరమే పెద్దగా మోగుతుంది. నరాల సంగతంటారా, మెడ మీద సిరలు ఉబ్బడం, కళ్ళు తిరగడం మామూలే. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు చేరే రక్తం కాసేపు తగ్గడం వల్ల అలా అవుతుంది. కంటిలోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది, గ్లాకోమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఈ జోలికి పోకూడదు. తాయెత్తు కట్టినంత మాత్రాన ఇవేవీ ఆగవు. సన్నాయి వాయించేవాళ్ళ ఎదుట చింతకాయ కొరికే కొంటె పిల్లలు మాత్రం నిజంగా శాస్త్రజ్ఞులే. నోరూరితే మూతి బిగువు సడలుతుందంటారు, ట్రంపెటాయన మీద కూడా పనిచెయ్యాలి.

మేనార్డ్ ఫెర్గూసన్ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే మన జిల్లాకు అన్యాయం. 1928లో పుట్టిన ఈ కెనడా వాద్యకారుడు 1950ల మొదట్లోనే అమెరికాలో స్టాన్ కెంటన్ జాజ్ బృందంలో, నేను పైన చెప్పిన హద్దుకు అవతల హాయిగా తిరిగి పేరు తెచ్చుకున్నాడు. 1960ల చివర్లో ఇండియా వచ్చి మదనపల్లి దగ్గర రిషి వ్యాలీ స్కూల్లో కొంతకాలం పాఠాలు చెప్పాడు. అప్పుడది చిత్తూరు జిల్లాయే. తర్వాత 1977లో ఆయన వాయించిన రాకీ సినిమా బాణీ అమెరికా పాప్ జాబితాల్లోకెక్కింది. మన ప్రాణాయామం వల్లే ఆయనకు పైస్వరాలు వచ్చాయని అనేవాళ్ళుంటారు. ఊపిరి మీద అదుపుకి యోగం పనికొస్తుందంటే కాదనను. కానీ ఆ స్వరాలు ఆయన ఇక్కడికి రావడానికి పదిహేనేళ్ళకు పైగా ముందే రికార్డులకెక్కాయి.

దుకాణాల్లో పైస్వరాల కోసమని తక్కువ లోతున్న మౌత్‌పీసులు అమ్ముతారు. పై అనుస్వరాలకు కొంచెం ఊతమిస్తాయి, నాదం పదునెక్కుతుంది, అంతే. లేని పెదవి బలాన్ని తెచ్చిపెట్టవు. సగం పొడవుండే పికలో ట్రంపెట్‌దీ అదే కథ. దారి సగమైంది కాబట్టి రోడ్డు మీద బస్సులు తక్కువ, స్వరాలు ఎడంగా, నిలకడగా దొరుకుతాయి. కానీ గేటు మనిషి మారలేదు కదా, పై హద్దు పెద్దగా జరగదు.

బ్యాండు వాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి. మే నెల ముహూర్తాల్లో 40 డిగ్రీల ఎండలో ధ్వని వేగం 355 దాకా పోతుంది, 20 డిగ్రీల్లో 343. బస్సులు త్వరగా తిరిగొస్తాయి, శ్రుతి ఎక్కుతుంది. లెక్క ప్రకారం పావు స్వరానికి పైనే ఎక్కాలి. లోపలి గాలిని ఎలాగూ ఊపిరే వెచ్చబెడుతుంది కాబట్టి నిజంగా ఎక్కేది అంతకంటే తక్కువ. పక్కన కీబోర్డుంటే అది మాత్రం ఎండకు కదలదు. శ్రుతి ఒక శాతం దించాలంటే ట్యూనింగ్ స్లైడును, అంటే గొట్టం పొడవు సర్దడానికి బయటికి లాగే వంపును, మొత్తం పొడవులో ఒక శాతం, అంటే ఒకటిన్నర సెంటీమీటర్లు పెంచేలా లాగాలి. స్లైడుకు రెండు కాళ్ళు కాబట్టి ముప్పావు సెంటీమీటరు లాగితే చాలు.

ఇక సాధన. డ్యూక్ ఎల్లింగ్టన్ జాజ్ బృందంలో అత్యంత పైస్వరాలకు పెట్టింది పేరు క్యాట్ ఆండర్సన్. ఆయన శిష్యులకు చెప్పిన అభ్యాసం పైస్వరం కాదు. మధ్యస్థాయిలో ఒక్క స్వరాన్ని, మన వరుసలో మూడోదాన్ని, వినీవినపడనంత మెల్లగా ఇరవై నిమిషాలు ఊదమన్నాడు. అంత మెల్లగా ఊదితే పెదవిని బలవంతంగా తెరిపించేంత ఒత్తిడి ఉండదు, అదిమితే స్వరం చచ్చిపోతుంది. పెదవి తనంతట తాను కంపించడం నేర్చుకుంటుంది. చిత్తూరు పాఠకుడికి ట్రంపెట్ మీద నిజంగా మనసుంటే ఇక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు. పక్కింటివాళ్ళకు కూడా ఇబ్బంది ఉండదు.