రెప్ప మీద ఎర్ర గడ్డ, స్టెరాయిడ్ సూది: అపోహలు, వాస్తవాలు

రెండు నెలల పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక అమ్మమ్మ అడిగింది: "పుట్టిన వారానికి చిన్న ఎర్ర చుక్క కనబడింది డాక్టర్ గారూ. ఇప్పుడు రెప్పే లేవట్లేదు. మా అమ్మాయి గ్రహణం నాడు బయటికొచ్చింది, అందుకేనా?"

లేదమ్మా. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఇది హెమాంజియోమా, సన్నని రక్తనాళాలు గుంపుగా పెరిగిన గడ్డ. క్యాన్సర్ కాదు.

అపోహ: దానంతటదే పోతుంది, ముట్టుకోకూడదు.

వీపు మీద చిన్నగా ఉంటే చాలాసార్లు నేనూ ఆగుదామనే అంటాను. మొదటి నెలల్లో గబగబా పెరిగి, ఏడాది దాటాక ఏళ్ల తరబడి మెల్లగా తగ్గుతుంది. కానీ చూపు అన్నేళ్లు ఆగదు. రెప్ప వాలి కంటిపాపను కప్పేసినా, గడ్డ ఒత్తిడికి కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, వంపు మారి చూపు మసకబారే సిలిండర్ పవర్ వచ్చినా, మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. అదే లేజీ ఐ. తర్వాత గడ్డ పోయినా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

అపోహ: స్టెరాయిడ్ సూది కూడా టీకా లాంటిదే, ఎవరు వేసినా ఒకటే.

దయచేసి అలా అనుకోకండి. గడ్డ తగ్గడానికి అందులోకి ఎక్కించే స్టెరాయిడ్ మందు ట్రయామ్సినలోన్. అది నీళ్లలా ఉండదు, సన్నని రేణువులతో తెల్లగా ఉంటుంది. గడ్డలోకి గట్టిగా నొక్కితే ఆ రేణువులు రక్తనాళంలో ఎదురు ప్రవాహంగా వెళ్లి, రెటీనాకు (కంటి వెనక చూపు పొరకు) రక్తమిచ్చే ధమనిని మూసేయగలవు. అరుదే, కానీ ఆ చూపు పోయినట్టే. అందుకే సన్నని సూది, కొద్ది కొద్దిగా మందు, పిస్టన్ మీద వేలు బరువు కూడా పడనంత నెమ్మది. మధ్యలో రెటీనా చూసే మనిషి పక్కన ఉండాలి. అక్కడి రక్తనాళం పాలిపోతే అక్కడికక్కడే ఆపేయాలి. నాకు ఇప్పటికీ ఆ నిమిషం టెన్షనే.

తర్వాత చర్మం పలచబడొచ్చు, తెల్లమచ్చ రావచ్చు. మందు ఒంట్లోకీ చేరుతుంది కాబట్టి పాప పాలు తాగకపోయినా, మందకొడిగా ఉన్నా, బరువు పెరగకపోయినా వెంటనే చెప్పండి.

అపోహ: సూది తప్ప దారి లేదు.

2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు, గుండె సమస్యకు ప్రొప్రానొలాల్ ఇచ్చిన బిడ్డలో హెమాంజియోమా మెత్తబడడం గమనించారు. ఇప్పుడు ఎక్కువమందికి మొదటి మందు అదే. పాలు పట్టించి మాత్రమే వేయాలి, లేకపోతే రక్తంలో షుగర్ పడిపోవచ్చు. ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు. ఈ మందు పడనివారికి, పనిచేయనివారికి సూది గురించి ఆలోచిస్తాం.

గడ్డ తగ్గగానే రావడం మానేయకండి. పవర్ ఉంటే కళ్లజోడు పెట్టాలి, చూపు వెనకబడితే మంచి కంటికి రోజూ కాసేపు ప్యాచ్ కట్టాలి. పాప పీకేస్తుంది, ఏడుస్తుంది. మళ్లీ అంటించండి.