క్యాన్‌క్యాన్, అనార్కలీ, లెగ్గింగ్: నాట్యం నుంచి వీధిలోకి వచ్చిన దుస్తులపై అపోహలు - వాస్తవాలు

రాజమహేంద్రవరం తాడితోట మార్కెట్‌లో లెహెంగా బట్ట తీసుకుని కుట్టించుకునే అమ్మాయికీ, అమలాపురంలో కూచిపూడి రంగప్రవేశానికి కొలతలిచ్చే అమ్మాయికీ కావలసింది ఒకటే. చెయ్యెత్తితే జాకెట్టు పైకి లేవకూడదు, కింద కూర్చుంటే కుట్టు తెగకూడదు. నాట్య దుస్తులు కుట్టేవాళ్లం ఈ రెండింటి కోసమే కోత మారుస్తాం. ఫ్యాషన్‌గా బజారుకు వచ్చేసరికి మెరుపు, ఆకారం వస్తాయి కానీ కోత వెనకాలే ఉండిపోతుంది. ఇబ్బందులన్నీ అక్కడే పుడతాయి.

అపోహ: క్యాన్‌క్యాన్ ఎన్ని పొరలు వేస్తే లెహెంగా అంత బాగా నిలబడుతుంది.

క్యాన్‌క్యాన్ అసలు బట్ట పేరు కాదు. 1830లలో పారిస్ నృత్యశాలల్లో మొదలైన ఆట పేరు. కాళ్లు ఎగరేస్తుంటే లోపలి కుచ్చుల పావడాలు కనిపించడమే దాని ప్రత్యేకత. ఆ పేరే మన టైలర్ల నోట గట్టి నెట్‌కు స్థిరపడింది. అదే దశాబ్దంలో, 1832లో, పారిస్‌లోనే 'లా సిల్ఫీద్' బ్యాలెలో మారీ టాగ్లియోని గంట ఆకారంలో ఉన్న పలుచని తెల్ల పావడాతో ఆడింది. అది గట్టిదనంతో నిలబడలేదు, తేలికదనంతో నిలబడింది. పెళ్లి లెహెంగాకు ఈ రెండో పాఠమే ఎక్కువ పనికొస్తుంది.

గట్టి నెట్ రెండు పొరలు చాలు. వాటిని నడుము నుంచి వేయకండి. లోపలి లైనింగ్ మీద, నడుముకు 8 నుంచి 10 అంగుళాల కింద మొదలుపెట్టండి. నడుము దగ్గరే వేస్తే తుంటి లావుగా కనిపిస్తుంది, పీటల మీద కూర్చోగానే ముందు భాగం బుట్టలా లేస్తుంది. కుచ్చు పెట్టే చోట లైనింగ్ చుట్టుకొలత 100 అంగుళాలుంటే నెట్ 200 నుంచి 250 తీసుకోండి. అంతకు మించితే బరువు పెరిగి, నెట్ నిలబడాల్సింది పోయి కిందికి వేలాడుతుంది. నెట్ చివర లెహెంగా అంచుకు 2 అంగుళాలు పైనే ఆగాలి. ఆ చివరకు అంగుళం వెడల్పు మెత్తటి బట్ట పట్టీ వేయకపోతే పిక్కలు గీరుకుంటాయి, లోపలి వైపు జరీ పోగులు లేస్తాయి. పిల్లల పుట్టినరోజు గౌన్లలో ఈ పట్టీ తప్పనిసరి. గౌను వేసిన పావుగంటకే పాప ఏడుపు మొదలుపెడితే ముందు ఈ అంచే చూడండి.

ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. నెట్‌కు పట్టించిన గట్టిదనం తేమకీ మడతకీ త్వరగా మెత్తబడుతుంది. కాబట్టి బీరువాలో నాలుగు మడతలు పెట్టి ఇరికించొద్దు. బ్యాలె వాళ్లు పొట్టి నెట్ స్కర్టుల్ని తలకిందులుగా ఉంచుతారు. మీరూ లెహెంగాను లోపలివైపు బయటికి తిప్పి, అంచు పైకి వచ్చేలా క్లిప్పులతో వేలాడదీయండి.

అపోహ: అంబ్రెల్లా కట్ (గొడుగులా గుండ్రంగా కోసే కోత) అంటే బట్ట ఎక్కువ పోయాలి, అంతే.

అనార్కలీ డ్రెస్సుల ఘేరు (నడుము కింది గుండ్రటి విస్తారం) కథక్ గిరికీలకు కుట్టే దుస్తుల వైపు నుంచి వచ్చింది. అక్కడ బట్ట ఎంత అన్నదానికన్నా లెక్క ఎలా వేశారన్నది ముఖ్యం. నడుము 30 అంగుళాలైతే రెండు పక్క కుట్లకు పోయే 2 కలిపి 32. దాన్ని 6.28తో (చక్రం చుట్టుకొలత వ్యాసార్ధానికి ఇన్ని రెట్లు) భాగిస్తే 5 అంగుళాల పైచిల్లర వస్తుంది. లోపలి వంపు గీయడానికి అదే వ్యాసార్ధం. 38 అంగుళాల పొడవు ఘేరుకు 44 పన్నా బట్ట నాలుగున్నర మీటర్లు పడుతుంది, రెండు అర్ధచక్రాలుగా కోయాలి.

తప్పు జరిగేది కోతలో కాదు, తొందరలో. గుండ్రంగా కోసిన బట్టలో కొంత భాగం నిలువు పోగు మీద, కొంత క్రాస్ మీద, అంటే పోగుకు ఐమూలగా పడుతుంది. క్రాస్ పడిన చోట బట్ట దాని బరువుకే సాగుతుంది. కుట్టిన రోజే అంచు మడిస్తే వారం తర్వాత రెండు పక్కలా మూలలు జారతాయి. నడుము పట్టీ వేశాక కనీసం ఒక రోజు వేలాడదీసి, మనిషికి తొడిగి, నేల నుంచి స్కేలుతో గుర్తులు పెట్టి, అప్పుడే అంచు కత్తిరించాలి. షిఫాన్, జార్జెట్‌లకు రెండు రోజులు.

అపోహ: లూజుగా కుడితే చేతులు బాగా కదులుతాయి.

మాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది, ఎందుకంటే రోజూ కట్టుకునే చీర జాకెట్టు సుఖమంతా దీని మీదే ఉంది. చంక కిందికి దింపి లూజు చేస్తే, చెయ్యెత్తినప్పుడు చెయ్యి జాకెట్టు మొత్తాన్ని పట్టుకుని పైకి లాగుతుంది. బస్సులో కడ్డీ పట్టుకున్నా, దండెం మీద బట్టలు ఆరేసినా జరిగేది ఇదే. నాట్య జాకెట్టుకు చంక ఎత్తుగా, ఒంటికి దగ్గరగా కోస్తాం.

భుజం మీదుగా చంక చుట్టూ టేపు పెట్టి కొలిచి, దానికి ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళాలే కలపండి. చేతి పై వంపు ఎత్తు మామూలుగా మూడున్నర అంగుళాలు పెడుతుంటే రెండున్నరకు తగ్గించి, ఆ మేరకు చెయ్యి వెడల్పు పెంచండి. చెయ్యి కిందికి దించినప్పుడు చంక దగ్గర చిన్న ముడతలు పడతాయి. అది లోపం కాదు, కదలికకు ఉంచిన బట్ట. ఇప్పటికే కుట్టేసిన జాకెట్టు పట్టేస్తుంటే చంక కింద నాలుగు కుట్లు కలిసే చోట విప్పి, 3 అంగుళాల చదరపు ముక్కను క్రాస్ మీద కోసి వజ్రం ఆకారంలో అతకండి. ఇందుకే లోపల కనీసం అంగుళం బట్ట వదలమని మీ టైలర్‌కు ముందే చెప్పాలి.

నాట్య పైజమా సీటు కొలత కూడా నిలబడి తీస్తే పనికిరాదు. అరమండిలో, మోకాళ్లు పక్కలకు విప్పి ఉన్నప్పుడు తీయాలి. ధోతీ ప్యాంట్లు కుట్టించుకునేవాళ్లు ఇదే పద్ధతిలో, కింద బాసింపట్టు వేసుకుని కొలత ఇస్తే తొడల మధ్య కుట్టు తెగదు.

అపోహ: మన నాట్య దుస్తులు అనాదిగా ఇలాగే ఉన్నాయి, బ్యాలెతో వాటికి సంబంధం లేదు.

ముందు విసనకర్ర కుచ్చిళ్లతో, ముక్కలుగా కుట్టి తొడుక్కునే నాట్య దుస్తులు ఇరవయ్యో శతాబ్దపు ఏర్పాటు. భరతనాట్యానికి వేదిక దుస్తుల్ని కొత్తగా తీర్చినవారిలో ముఖ్యులు రుక్మిణీదేవి అరండేల్. ఆమె అంతకుముందు రష్యన్ బ్యాలె నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర బ్యాలె నేర్చుకున్నారు. మన నాట్యం వైపు చూడమని ఆమెను ప్రోత్సహించింది కూడా పావ్లోవాయే. దీనివల్ల మన సంప్రదాయానికి తక్కువేమీ లేదు. ఒక నర్తకి ఇంకో నర్తకికి దారి చూపించింది.

ఇప్పుడు రెడీమేడ్‌గా దొరికే కుట్టిన చీర మా పనికి దగ్గరి చుట్టమే. కొనేటప్పుడు నడుము దగ్గర ఒకటిన్నర అంగుళాల దూరంలో రెండు వరసల హుక్కులు ఉన్నాయో లేదో చూడండి. ఒకే వరసుంటే భోజనానికి ముందు సరిపోయింది తర్వాత సరిపోదు.

అపోహ: లియోటార్డ్ (ఒంటికి అతుక్కునే ఒకే ముక్క తొడుగు) ఆడవాళ్ల నాట్య దుస్తు. సాగే బట్ట ఏదైనా ఒకటే.

ఆ పేరు ఫ్రెంచి ట్రపీజ్ (గాలిలో ఊగే కడ్డీ) కళాకారుడు జూల్ లియోటార్డ్‌ది, 19వ శతాబ్దపు మగమనిషి. నర్తకులు తర్వాత తీసుకున్నారు. లైక్రా పోగు 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టాడు. నేటి లెగ్గింగ్‌కు ప్రాణం అదే.

షాపులో బట్ట ఎంత సాగుతుందో కాదు, ఎంత వెనక్కి వస్తుందో చూడండి. 4 అంగుళాలు పట్టుకుని 6 దాకా లాగి వదిలేయండి. మళ్లీ నాలుగుకు రాకపోతే నెలలో మోకాళ్ల దగ్గర సంచులు పడతాయి. కుట్టేటప్పుడు మొన గుండ్రంగా ఉన్న సూది, సన్నని జిగ్‌జాగ్ కుట్టు వాడాలి. తిన్నని కుట్టు బట్టతోపాటు సాగదు, వంగగానే టప్పున తెగుతుంది. వేడినీళ్లు, బ్లీచింగ్, మిట్టమధ్యాహ్నపు ఎండ లైక్రాను చంపేస్తాయి. నీడన ఆరేయండి.

ఇక కాళ్లకు తొడిగే ఊలు లెగ్‌వార్మర్లు చలిదేశాల సాధన గదుల్లో పిక్కలు బిగుసుకోకుండా వాడేవి. మన వేసవిలో వాటితో పని లేదు. బ్యాలె వాళ్లు ఛాతీ మీదుగా చుట్టి కట్టే పొట్టి పైతొడుగు మీద మోజుంటే, నర్సాపురం నూలు క్రోషే లేసుతో అల్లించుకోండి. గాలి ఆడుతుంది, ఎలాస్టిక్ లేకుండానే సాగుతుంది.

అపోహ: బ్యాలరీనా చెప్పులు (మడమ ఎత్తు లేని, ముందు మూసి ఉండే జతలు) నర్తకుల చెప్పులు కాబట్టి పాదానికి మంచివి.

1940లలో అమెరికాలో దుస్తుల డిజైనర్ క్లేర్ మెకార్డెల్, నాట్య పాదరక్షలు చేసే కపీజియోతో మెత్తటి స్లిప్పర్లకు గట్టి అడుగు వేయించి వీధిలోకి తెచ్చారు. 1956లో పారిస్‌లో నాట్య పాదరక్షలు చేసే రోజ్ రెపెటో, సినీనటి బ్రిజిత్ బార్డో కోసం చేసిన జత వీటికి మోజు పెంచింది. నర్తకి స్లిప్పర్‌ను బొందుతో, ఎలాస్టిక్‌తో పాదానికి బిగిస్తారు. బజారు జతకు అవి లేవు కాబట్టి ఊడిపోకుండా అంచునే బిగుతుగా చేస్తారు. మడమ వెనక కోసుకునేది అందుకే. నర్తకుల కిటుకు ఒకటుంది: మడమ భాగాన్ని లోపలికి, ముందుకు మడవండి. రెండు పక్కలా మడత పడిన మూలల్లో ఎలాస్టిక్ పట్టీ కుట్టించండి. సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. చెప్పు అడుగుభాగం వేళ్ల మొదట్లో వంగాలి. నడిమధ్యలో వంగితే వదిలేయండి.

అపోహ: స్కిన్ కలర్ అంటే ఒకటే రంగు.

బ్యాలె బూట్ల గులాబీ తెల్ల ఒంటికి కలిసేలా ఎంచిన రంగు. గోధుమ, నలుపు ఒంటివాళ్లు ఏళ్ల తరబడి బూట్లకు మేకప్ పూసుకుని రంగు కలుపుకున్నారు. 2018లో బ్యాలె బూట్ల కంపెనీ ఫ్రీడ్ ఆఫ్ లండన్, నల్లజాతి, ఆసియా నర్తకుల బ్యాలె బ్లాక్ బృందంతో కలిసి వాళ్ల ఒంటి రంగుల్లో బూట్లు తెచ్చింది. మన షాపుల్లోనూ జాకెట్టు మెడకు వేసే 'స్కిన్ నెట్' ఒకే లేతరంగులో వస్తుంది. చామనఛాయ వీపు మీద అది తెల్లటి మచ్చలా కనబడుతుంది. రెండు మూడు ఛాయల ముక్కలు తెచ్చి, పగటి వెలుతురులో, వీపు మీదే పెట్టి చూడండి. ముఖం మీద కాదు. దొరకకపోతే, నూలు లైనింగ్‌ను చిక్కటి టీ డికాషన్‌లో అరగంట నానబెట్టి ఆరేస్తే ముదురుతుంది. తడి మీద కనిపించే రంగు ఆరాక ఒక మెట్టు తగ్గుతుందని గుర్తుంచుకోండి. పాలిస్టర్ నెట్ టీ రంగు పట్టదు, దాన్ని అద్దకం షాపులో ఇవ్వాల్సిందే.