హ్యాండిల్ మార్చినప్పుడు వైరింగ్: అపోహలు - వాస్తవాలు

ఎత్తు హ్యాండిల్ వేయించుకున్న బండి నెల తిరక్కుండా నా దగ్గరికి వచ్చిందంటే, హెడ్‌లైట్ డూమ్ విప్పకముందే లోపల ఏముందో చెప్పేస్తాను. మెలేసిన తీగలు, వాటి మీద వేడికి జిగురు కారిపోయిన నల్ల టేపు. పదిహేనేళ్లుగా బండ్ల వైరింగే నా పని. హ్యాండిల్ మార్చడంలో తప్పేం లేదు, కానీ ఈ టేపు జాయింట్లు చూస్తే మాత్రం నాకు భయమేస్తుంది.

అపోహ: వైర్లు కట్ చేయకుండా కుదరదు.

వాస్తవం: చాలాసార్లు కుదురుతుంది. కొత్త హ్యాండిల్ గొట్టంలోంచి కప్లర్ (వైర్ల చివర ఉండే ప్లాస్టిక్ కనెక్టర్) దూరదు, అందుకే చాలామంది కట్టర్ తీస్తారు. కప్లర్‌లో ప్రతి పిన్నుకీ సన్నని నాలుక ఒకటి ఉంటుంది. పిన్ను ఊడి రాకుండా పట్టి ఉంచేది అదే. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఏ గదిలో ఏ రంగు వైరుందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత కప్లర్ మూతి వైపు నుంచి సన్నటి టూల్‌తో ఆ నాలుకను నొక్కి, వైరును మెల్లగా వెనక్కి లాగితే పిన్నుతో సహా వచ్చేస్తుంది. వైర్లను ఒక్కొక్కటిగా గొట్టంలోంచి తీసి, నాలుకను కాస్త పైకి లేపి, మళ్లీ అదే గదిలోకి తోయాలి. టిక్కుమనాలి. ఆ తర్వాత ఒకసారి లాగి చూడాలి. ఊడి వస్తే నాలుక సరిగ్గా కూర్చోలేదన్నమాట.

అపోహ: సోల్డరింగ్ చేస్తే జన్మలో ఊడదు.

వాస్తవం: ఇంట్లో రేడియోకైతే సరే. బండి హ్యాండిల్ ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది. కరిగిన సీసం తీగల మధ్యకు పాకి, అక్కడ వైరును పుల్లలా బిగుసుకుపోయేలా చేస్తుంది. ఆ బిగువు ఆగిన చోటే, తొడుగు లోపల, వైరు విరుగుతుంది. బయటికి ఏమీ కనబడదు. వైరు పొడవు పెంచక తప్పకపోతే క్రింపింగ్ (టెర్మినల్ అనే లోహపు ముక్కను వైరు మీద నొక్కి బిగించడం) చేయించండి. టెర్మినల్‌కి రెండు జతల రెక్కలుంటాయి: ఒక జత రాగిని పట్టుకోవాలి, రెండో జత పైతొడుగును. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే క్రింపింగ్ కాదు. జాయింట్లన్నీ ఒకేచోట రాకుండా కాస్త ముందూ వెనకా వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం) తొడగాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు వైరు వంగే చోట జాయింట్ అసలు పెట్టకూడదు.

అపోహ: అతుక్కి ఏ వైరైనా ఒకటే.

వాస్తవం: హాలోజన్ హెడ్‌లైట్ బల్బు 60 వాట్లయితే 12 వోల్టుల దగ్గర 5 యాంపియర్లు లాగుతుంది. పాత వైరుకన్నా సన్నది వేస్తే వేడెక్కుతుంది, లైటు మందగిస్తుంది.

అపోహ: సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది, లైట్లు వెలిగాయి, పనైపోయింది.

వాస్తవం: నిరుడు ఒక కుర్రాడి బండి యూటర్న్‌లో, నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక లారీ అతను టైముకి బ్రేకు వేశాడు కాబట్టి బతికాడు. విప్పి చూస్తే కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపే స్విచ్) వైరు స్టీరింగ్ మెడ దగ్గర బిగుతుగా ఉంది. హ్యాండిల్ కుడికి పూర్తిగా తిప్పిన ప్రతిసారీ లాగి లాగి, లోపల రెండే రెండు పోగులు మిగిలాయి.

అందుకే బండి తీసుకునే ముందు సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్‌లో పెట్టి, హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగైదు సార్లు తిప్పండి. ఇంజిన్ ఆగకూడదు, రేజ్ పెరగకూడదు. రెండు చివర్లలోనూ హారన్, ఇండికేటర్లు, ముందు బ్రేకు నొక్కితే వెనక లైటు పనిచేయాలి. వైర్లు, కేబుళ్లు, బ్రేకు పైపు ఏ మూలా బిగుసుకోకూడదు. ఎక్కడైనా బిగుతనిపిస్తే డూమ్ మళ్లీ విప్పించండి, మెకానిక్ విసుక్కున్నా సరే.